ఒక్క వేలిముద్ర, నాలుగు పనులు

నూజివీడు,
మార్చి ఆఖరు, శనివారం

భవానీ,

ఆదివారం మీ వార్డెన్ ఫోన్‌కి చేస్తానన్న మాట ఇంక మర్చిపో. ఎందుకో నిన్నే రాద్దామని కూర్చున్నా గానీ, అమ్మ బట్టలు తియ్యడానికి మేడ మీదకి వచ్చేసింది. సంగతి ఇదిగో. మా ఇంట్లో ఫోన్లన్నిట్లోనూ ఇప్పుడు కామేశ్వరి ఉంది. మా నానమ్మ కాదే బాబూ, నానమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇది సాయిరాం బాబాయ్ పెట్టిన ఏఐ ఏజెంట్. రైతులకి అదే ఫోన్ చేస్తుంది, అచ్చం మనిషిలా తెలుగు మాట్లాడుతుంది, మామిడి తోటల గుత్తలూ కాయ వివరాలూ అన్నీ బ్లాక్‌చెయిన్‌లో ఎక్కిస్తుంది. ఒకసారి ఎక్కిందంటే ఎవరూ చెరపలేరంట. నేను ఎవరికి ఏం మెసేజ్ పెట్టినా దానికి తెలిసిపోతుంది. అందుకే ఈ కాగితాలు. వ్యాన్ నడిపే సలోమోను అన్న నున్న మార్కెట్‌కి లోడు వేసుకెళ్ళేటప్పుడు మీ హాస్టల్లో ఆవకాయ సీసా ఇస్తాడు. మూతకి కట్టిన గుడ్డ కింద చూసుకో. జవాబు కూడా ఆయనకే ఇవ్వు.

"నానమ్మ పేరు ఎందుకు పెట్టావు బాబాయ్?" అని అడిగా. "మన కొట్టుకొచ్చిన రైతుని అమ్మ మజ్జిగ ఇవ్వకుండా ఎప్పుడైనా పంపిందా? ఆ పేరు చెప్తే ఎవడూ కాదనడమ్మా" అన్నాడు. నాకు అప్పుడు నవ్వొచ్చింది.

ఇంకో సంగతి. నన్ను సాక్షిని చేశారు! రైతూ, మా కొట్టూ ఒప్పుకున్నది పక్కా అవ్వాలంటే మూడో మనిషి కూడా ఫోన్ మీద వేలిముద్ర వెయ్యాలంట. రెడ్డిగూడెం మీటింగులో తోటలవాళ్ళు "షావుకారు ప్రభాకరరావు గారి గుమాస్తాలు మాకొద్దు" అన్నారంట. అప్పుడు మీ నాయనమ్మ గోవిందమ్మ గారు లేచి, "రేవతమ్మని పెట్టండి. మా భవానితో ఒకే బెంచీ మీద చదువుకుంది. ఆ పిల్ల మోసం చెయ్యదు" అన్నారంట. మా నాన్న కాసేపు ఆలోచించి సరే అన్నారు. నాకు పద్దెనిమిది నిండాయి కదా, సరిపోయింది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అయినా నిజం చెప్పనా, కొంచెం గర్వంగానే ఉందే.

నీ బయాలజీ ఎంతవరకొచ్చింది? ఈసారి నీట్ కొట్టకపోతే నేనే వచ్చి తంతాను. ఇది చదివి చింపెయ్.

రేవతి


విజయవాడ, హాస్టల్,
ఏప్రిల్

రేవతీ,

ఆవకాయ అయిపోయింది. రూమ్మేట్లు సీసా కూడా నాకేశారు. ఇంక అసలు సంగతికొస్తా.

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. మాట్లాడలేకపోతోంది. ఎవరికో ఏదో అయిందనుకున్నా. మా ఇంటికని ఉంచుకున్న చెట్టు కాయంతా కోసేశారంట.

మీ ఇంట్లో గుత్త బేరాలు కొట్టు అరుగు మీదే అయిపోతాయి, నువ్వెప్పుడూ తోటలోకి రాలేదు కాబట్టి చెప్తున్నా, విను. పూత మీద తోటంతా షావుకారుకి ఇచ్చేసినా ఒక చెట్టు మాత్రం తోటగలవాళ్ళు ఉంచుకుంటారు. దాని మొదలుకి సున్నం పట్టీ వేస్తారు. కోతకొచ్చినవాళ్ళు సున్నం చూసి పక్క చెట్టుకి పోతారు. అది ఎవరూ నోటితో చెప్పరు. చెప్తే షావుకార్ని అనుమానించినట్టు. మా తాత ఉన్నప్పటి నుంచీ మీ వాళ్ళెవరూ ఆ పెద్దరసం చెట్టు ముట్టుకోలేదు. ఈసారి కాయ కోసే చిక్కాలు తీసుకుని ఎక్కేశారు. మా నాయనమ్మ అడ్డం నిలబడితే కోత మేస్త్రీ ఫోన్ చూపించి, "ఇందులో తోట మొత్తం అనుందవ్వా. నీ సున్నం ఫోన్‌కి కనపడదు" అని ఇకిలించాడంట.

అంటే ఏంటి? మేం నోటితో చెప్పలేదు కాబట్టి లేనట్టేనా? ఆ చెట్టు కాయ మా చుట్టాలందరికీ వెళ్తుంది. ఈసారి అమ్మ వాళ్ళకి ఏమని చెప్పాలి? మా చెట్టు కాయ కావాలంటే ఇప్పుడు మీ కొట్టుకొచ్చి కొనుక్కోవాలా?

గుత్త జనవరిలో రాశారు, అప్పటికి నువ్వు సాక్షివి కాదు. తెలుసు. కానీ ఇప్పుడున్నావుగా. శభాష్. దేనికి సాక్షివో కొంచెం కనుక్కుని రాయి.

భవాని


నూజివీడు,
బుధవారం

భవానీ,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేదు. సారీ అని రాయాలంటే సిగ్గేస్తోంది.

నాన్నని అడిగే ధైర్యం లేక బాబాయ్‌ని అడిగా. కొట్టులో ఫ్యాన్ కింద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"పాపం, ఆ ముసలావిడకి రెండు బుట్టలు పంపిద్దాంలే. అయినా రైతు చెప్పనిది కామేశ్వరికెలా తెలుస్తుంది?"

"నీకు తెలుసుగా బాబాయ్. నువ్వు దానికి చెప్పొచ్చుగా?"

"ఓహో! నిన్ను సాక్షిగా పెట్టాంగానీ లాయరుగా పెట్టలేదమ్మా" అని నవ్వాడు. గుమాస్తాలు కూడా నవ్వారు. నాన్న నవ్వలేదు. తక్కెడ దగ్గర నిలబడి నావైపు ఒకసారి చూశారు, అంతే.

మా నాన్న కొట్టరు, తిట్టరు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను ఆరో క్లాసులో ఉండగా ఒక చాట్రాయి రైతు వచ్చి "అమ్మా, నున్నలో రేటెలా ఉంది?" అనడిగితే అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ ఏడు తోటలు ఖాళీ అయ్యేదాకా నాన్న అమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. పక్కనే కూర్చుని, "మీ అమ్మని అన్నం వడ్డించమను" అని నాతో చెప్పించేవారు. అమ్మ అప్పటి నుంచీ కొట్టు గుమ్మం దాటలేదు.

నాకు జులైలో కాలేజీ. ఫీజూ, సంతకం అన్నీ ఆయన చేతుల్లోనే. ప్లీజ్ భవానీ, నన్నేమీ చెయ్యమనకు. నేను సాక్షి వెయ్యడానికి కామేశ్వరి ఏదో కట్ట రెడీ చేస్తోందంట, ఎక్స్‌పోర్ట్ ట్యాగులంట. అదంతా నీకెందుకు, చదువుకో.

రేవతి


విజయవాడ,
శుక్రవారం

రేవతీ,

ఆ రెండు బుట్టలు మీ బాబాయ్‌నే తినమను. టెంకలతో సహా.

నీకు భయమా? నాకూ భయమే. నాకు ఈ పరీక్ష పోతే అమ్మతో పాటు కూలికి వెళ్ళాలి. అయినా నువ్వు మీ ఫ్యాన్ కింద కూర్చుని "నన్నేమీ చెయ్యమనకు" అని నాకు రాస్తావా? నేను నిన్నేమీ చెయ్యమనలేదే! కనుక్కోమన్నాను. చదవడం వచ్చుగా నీకు? స్కూల్లో ఎలక్యూషన్‌లో ఫస్ట్ ప్రైజ్ నీదేగా!

మొన్న అమ్మకి ఫోన్ వచ్చిందంట. "వెంకటలక్ష్మి గారూ, నేను కామేశ్వరిని. మీ బంగినపల్లి కాయకి ఎక్స్‌పోర్ట్ ట్యాగు వెయ్యమంటారా?" అందంట. ట్యాగు లేకపోతే కాయ ఓడ ఎక్కదు కదా. అమ్మ "వెయ్యి తల్లీ" అంది. వేలిముద్ర అడిగితే వేసింది. ఊళ్ళో అందరూ వేశారు. ఆ "కట్ట" ఇదేనా? ట్యాగు వెయ్యడానికి కట్ట ఎందుకు? కట్ట అంటే లోపల ఒకటికంటే ఎక్కువ ఉండాలిగా?

మా నాయనమ్మ నలుగురిలో నిలబడి నీ పేరు చెప్పింది. మీ నాన్న పేరు కాదు. నీ పేరు. కట్టలో ఏముందో అడుగు. అడగకుండా వేలిముద్ర వేశావంటే నాకింక ఆవకాయ పంపకు.

భ.


నూజివీడు,
శనివారం మధ్యాహ్నం

భవానీ, భవానీ,

అడిగాను. అందరూ భోంచేసి పడుకున్నాక తలుపు గడియ పెట్టుకుని, ఫోన్ దిండు మీద పెట్టుకుని గుసగుసగా అడిగాను. మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టు రాస్తున్నా. అక్షరాలు చూసి తిట్టకు.

"కామేశ్వరీ, నేను సాక్షి వెయ్యాల్సిన కట్టలో ఏముంది?"

"నాలుగు పనులున్నాయి రేవతి గారూ. చదవమంటారా?"

"చదువు."

"ఒకటి, ఈ ఏటి కాయకి ఎక్స్‌పోర్ట్ ట్యాగు. రెండు, వచ్చే మూడేళ్ళ పూత మన కొట్టుకే గుత్త. మూడు, ఆ మూడేళ్ళ ధర కొట్టు వారే నిర్ణయిస్తారు. నాలుగు, తోటలో ఏ చెట్టుకీ మినహాయింపు ఉండదు."

మళ్ళీ చదివించుకున్నా. అవే నాలుగు.

"రైతులకి ఈ నాలుగూ చెప్పావా?"

"మొదటిది చెప్పాను. మిగతావి 'మరిన్ని వివరాలు' అనే చోట ఇంగ్లీషులో ఉన్నాయి. అడిగినవారికి తెలుగులో చదువుతాను."

"ఎవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదండీ."

"అసలు నాలుగూ ఎందుకు కలిపావు?"

"సాయిరాం గారు అలా చెయ్యమన్నారు. నాలుగు పనులూ ఒకే లావాదేవీగా పంపితే ఒక్క వేలిముద్ర చాలు, రైతులకి శ్రమ తగ్గుతుంది అన్నారు."

శ్రమంట! విన్నావా? మండుటెండలో చెట్లెక్కేవాళ్ళకి ఇంకో మూడుసార్లు వేలు ఆనించడం శ్రమైపోతుందని మా బాబాయ్ జాలిపడ్డాడు! దొంగతనం చేసినా ఇంత మండేది కాదే. పైగా దయ చూపించినట్టు చెప్పడం! అదీ మా నానమ్మ పేరు పెట్టి! తిన్నావా అని అడగకుండా ఎవర్నీ పంపని మనిషి పేరుతో ఫోన్ చేసి, అడిగితే చెప్తాను, అడగకపోతే చెప్పను అంటోంది. నానమ్మ బతికుంటే ఆ ఫోన్ తీసి నీళ్ళ తొట్టిలో పడేసేది.

"నేను మొదటి పనికే సాక్షి వేస్తా. మిగతా మూడూ తీసెయ్" అన్నాను.

"అలా కుదరదండీ. కట్టగా పంపితే నాలుగూ జరుగుతాయి, లేదా ఒక్కటీ జరగదు."

చూశావా ఎలా బిగించారో? నేను వేలిముద్ర వేస్తే మూడేళ్ళు మీ తోట మీది కాదు. వెయ్యకపోతే ట్యాగు పడదు. కాయంతా కోసి షెడ్లో పెట్టేశారు, లారీలు సోమవారం బయల్దేరాలి. అది దాటితే పండిపోతుంది, ఓడకి పనికిరాదు, ఓడ ఎక్కకపోతే మీ వాళ్ళకి రావాల్సిన గుత్త బాకీ రాదు. ఎలా చూసినా పోయేది మీ వాళ్ళదే. నా వేలు కోసమే అందరూ ఆగారు. నాన్న పొద్దున రెండుసార్లు "సాక్షి అయిందా?" అన్నారు. "ఛార్జింగ్ లేదు నాన్నా" అన్నాను. సాయంత్రం ఏం చెప్పాలో తెలీదు.

ఒక దారుంది. విడగొట్టొచ్చా అని అడిగా. విడగొట్టొచ్చంట, సాక్షికి ఆ హక్కుందంట, కొట్టు తరఫు ముద్ర నాలుగింటికీ విడివిడిగానే ఉందంట. కానీ రైతులు వేసిన ముద్ర మొత్తం కట్టకి వేసినట్టంట. విడగొడితే పాతవి చెల్లవు, ప్రతి ఒక్కళ్ళూ మళ్ళీ కొత్తగా వెయ్యాలి. చివర్లో నేను సాక్షి వెయ్యగానే నాన్నకీ బాబాయ్‌కీ ఫోన్‌లో చెప్పేస్తుందంట.

"ఇప్పుడు నేను అడిగినవన్నీ కూడా నాన్నకి చెప్తావా?" అన్నాను.

"అడిగితే చెప్తానండీ. ఇంతవరకూ అడగలేదు."

ఏం చెయ్యను? మొత్తం రెడ్డిగూడెం చేత మళ్ళీ వేలిముద్రలు వేయించడం నా వల్ల అవుతుందా? నేను గుమ్మం దాటితే "ఎక్కడికి?" అంటారు. త్వరగా రాయి. సలోమోను అన్నకి అంతా చెప్పేశాను, కోపగించుకోకు, ఎవరో ఒకరికి చెప్పకపోతే చచ్చిపోయేలా ఉన్నాను.

రేవతి


విజయవాడ,
శనివారం రాత్రి భోజనాల ముందు. అన్న వ్యాన్ ఆపి గేటు దగ్గర నిలబడ్డాడు, గబగబా రాస్తున్నా.

రేవతీ,

ముందు "వెయ్యకు, కాయ కుళ్ళిపోతే పోనీ, వాళ్ళకీ బుద్ధొస్తుంది" అని రాశాను. తర్వాత వార్డెన్ కాళ్ళు పట్టుకున్నంత పని చేసి అమ్మకి ఫోన్ చేశా. అమ్మ ఫోన్‌లోనే నన్ను ఏకిపారేసింది. "కుళ్ళిపోనీ అంటావేంటే? పూత మీద మంచు పడితే పొగ పెట్టుకుంటూ కూర్చుంది ఎవరు? నువ్వా? కాయ పోతే బుద్ధొచ్చేది షావుకారుకి కాదు, మనకి!" అంది. రాసింది చింపేశాను.

తర్వాత కట్టలో ఉన్నవన్నీ చదివి వినిపించా. "నాలుగా? నాకు ఒకటే చెప్పిందే" అంది. మళ్ళీ అదే అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదే. నాన్న పోయినప్పుడు కూడా అలా లేదు.

ఇప్పుడు విను. నువ్వు విడగొట్టమని చెప్పు, ఈ ఉత్తరం అందగానే. రేపు తెల్లారగట్టే అమ్మా నాయనమ్మా బయల్దేరి తోట తోటకీ తిరుగుతారు. అందరిచేతా దాన్ని నాలుగూ తెలుగులో చదివించుకోమంటారు, చదివాక ట్యాగు ఒక్కదానికే వేలిముద్ర వేయిస్తారు. నువ్వు గుమ్మం దాటక్కర్లేదు. చివరి ముద్ర మాత్రం నీదే. అది ఇంకెవరూ వెయ్యలేరు.

నిన్ను చాలా మాటలన్నాను. అన్నందుకు బాధ లేదు గానీ, మీ అమ్మగారి సంగతి చదివాక నిద్ర పట్టలేదు. మీ ఇంట్లో నీతో ఎవరూ మాట్లాడకపోతే ఎలా ఉంటుందో నాకు తెలీదు. మా ఇంట్లో నోరు మూసుకునేవాళ్ళే లేరు.

నువ్వు వెయ్యకపోయినా మా అమ్మ నిన్నేమీ అనదు. "చిన్నపిల్ల, పాపం" అంటుంది. నేను మాత్రం అనను అలాగ.

భవాని


నూజివీడు,
ఆదివారం, మూడు దాటింది

భవానీ,

ముందు ఇది విను. మీ వాళ్ళు వేశారు. అందరూ!

పొద్దున్నే విడగొట్టమన్నాను. స్క్రీన్ మీద పేర్లన్నీ ఎర్రగా అయిపోయాయి. అది చూసి ఏడుపొచ్చింది, ఉన్నది కూడా చెడగొట్టానేమో అని. తర్వాత మీ అమ్మ పేరు పచ్చగా మారింది. దాని కింద మీ నాయనమ్మ పేరు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. టిఫిన్ దగ్గర నాన్న "సాక్షి?" అన్నారు. "సాయంత్రంలోపు అయిపోతుంది నాన్నా" అన్నాను. అబద్ధం కాదుగా.

మిగతాది సలోమోను అన్న చెప్పాడు, పొద్దున లోడుకి అటే వెళ్ళాడంట. మీ నాయనమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టి కామేశ్వరిని కడిగేస్తుంటే జనం పోగయ్యారంట. "అన్నం చూపించి కూర దాస్తావా? ఏ ఇంటి పద్ధతే అది?" అందంట. అది "క్షమించండి గోవిందమ్మ గారూ, ఇప్పుడు నాలుగూ చదవమంటారా?" అంటే, "చదువు. గట్టిగా చదువు. చెవిటాళ్ళు కూడా ఉన్నారిక్కడ" అందంట. రెండోది చదవగానే ఆడవాళ్ళు శాపనార్థాలు మొదలుపెట్టారంట. మా ఇంటి పేరుతోనే. అన్న చెప్పనన్నాడు, నేనే చెప్పించుకున్నా. చెప్పించుకోవాలిగా, మా పేరేగా అది.

తోటలవాళ్ళలో పాల్ రాజు గారు ఒక్కరే మిగిలిపోయారు. "షావుకారుతో మనకెందుకమ్మా" అన్నారంట. మీ అమ్మ ఆయన పాక ముందు ఎండలో కూర్చుంది. "నాకు తొందరేం లేదు బాబాయ్, నువ్వు ఆలోచించుకో" అంది. ఆయన భార్య బయటికొచ్చి, "ముందు ఆ పిల్లని లోపలికి రమ్మను, లేదా నువ్వు వేలు బయటపెట్టు" అందంట. మధ్యాహ్నం అన్నాల వేళకి ఆయన పేరు పచ్చబడింది.

ఇంక నేనే మిగిలాను.

చాలాసేపు వెయ్యలేకపోయాను. చెప్తే నవ్వుతావు, వేలు చెమటకి తడిసిపోయి ఫోన్ ముద్రని తీసుకోలేదు. లంగాకి తుడుచుకుని మళ్ళీ పెడితే మళ్ళీ తీసుకోలేదు. ఫోన్‌కి కూడా నా మీద నమ్మకం లేదేమో అనిపించింది. భయం పోలేదు భవానీ. ఉత్తరాల్లో ఎంత కోపంగా రాసినా భయం అలాగే ఉంది. జులై గుర్తొచ్చింది. అమ్మ గుర్తొచ్చింది, పక్కనే ఉన్న మనిషి మాట నా నోటి నుంచి వినాల్సొచ్చిన అమ్మ. ఆ ఏడంతా అమ్మ తప్పు చేసిందనే అనుకున్నాను నేను. ఉన్న రేటు చెప్పింది, అంతే. అందులో తప్పేముంది? ఎవరికి కోపం రావాలి, ఎవరు కోపం తెచ్చుకున్నారు?

వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాను. అమ్మ చారులో పోపు పెడుతోంది. "ఏంటే, మొహం అలా ఉంది?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను. పైకొచ్చి వేశాను.

"ట్యాగు పని పూర్తయింది. మిగతా మూడు పనులూ రైతుల ముద్రా, సాక్షీ లేక రద్దయ్యాయి. ప్రభాకరరావు గారికీ సాయిరాం గారికీ తెలియజేస్తున్నాను" అంది.

రేపు లారీలు వెళ్తాయి. మీ కాయ వెళ్తుంది, మీ పూత మీకే ఉంటుంది. బాబాయ్ ఇంకో కట్ట కట్టొచ్చు, ఇంకో సాక్షిని తేవొచ్చు. తెస్తే తెమ్మను. ఇంక రెడ్డిగూడెంలో ఎవరూ చదివించుకోకుండా వెయ్యరు.

కింద కొట్టులో నాన్న ఫోన్ మోగింది. ఇక్కడికి వినపడుతోంది. బాబాయ్ ఎవరితోనో పెద్దగా నవ్వుతున్నాడు. ఆగిపోయాడు. హమాలీల్ని ఎవరో బయటికి పొమ్మంటున్నారు. తక్కెడ చప్పుడు కూడా లేదు.

మెట్లెక్కుతున్నారు. ఒక్కళ్ళే. చెప్పుల చప్పుడు నాన్నదే.

నీకు పరీక్ష వారమే ఉంది, దీని గురించి ఆలోచించకు. ఈ ఉత్తరం అందకపోతే నేను రాయలేదని అనుకోకు.

నాన్న నా గది తలుపు ఎప్పుడూ కొట్టరే. తోసుకుని వచ్చేస్తారు. గడియ కూడా పెట్టలేదు నేను. అయినా కొడుతున్నారు. నెమ్మదిగా, పరాయి వాళ్ళింటి తలుపు కొట్టినట్టు.

కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నా. అబద్ధం చెప్పను. ముద్ర నాదే అంటాను.

మళ్ళీ కొట్టారు.